లాలాజల నాళంలో అడ్డు, సయాలెండోస్కోపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

దవడ కింద వాపు, లాలాజల నాళంలో రాయి, సయాలెండోస్కోపీ (ఆ నాళంలోకి సన్నని కెమెరా గొట్టం పంపి అడ్డు తీయడం). ఈ మూడు మాటలు విన్నవాళ్లు ఓపీలో అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. చెప్పి పంపిస్తే ఇంటికెళ్లి ఫోన్ చేసి మళ్లీ అవే అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. నోట్లో ఉమ్మి ఎక్కణ్ణుంచి వస్తుందో మనమెప్పుడు ఆలోచించాం గనక? అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లండి.

## అనుమానం మొదలైనప్పుడు

అన్నం ముందు కూర్చోగానే దవడ కింద ఉబ్బుతోంది. గంటా రెండు గంటలకి దానంతటదే తగ్గిపోతోంది. ఏమిటిది?

లాలాజలం గ్రంథి నుంచి నోట్లోకి వచ్చే దారిలో ఎక్కడో అడ్డు ఉంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. తిండి కనపడగానే, వాసన తగలగానే గ్రంథి పని మొదలుపెడుతుంది. ఊరిన లాలాజలానికి బయటికి దారి చాలదు. వెనక్కి తన్నడంతో గ్రంథి బిగుసుకుని నొప్పెడుతుంది. తినడం అయ్యాక ఊరడం తగ్గుతుంది, లోపల నిలిచింది అడ్డు పక్కనుంచి మెల్లగా జారిపోతుంది, వాపు దిగుతుంది. ఆవకాయ జాడీ మూత తీస్తే చాలు, దవడ కింద లాగుతుందని చెప్పేవాళ్లున్నారు. అది అతిశయోక్తేమీ కాదు, పులుపు వాసనకి గ్రంథి అంత పని చేస్తుంది. మన శరీరంలో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం తయారవుతుంది మరి.

గవదబిళ్లలు అనుకుని నాలుగు రోజులు పట్టు వేశాం. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

గవదబిళ్లలు వైరస్ వల్ల వస్తాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటాయి. చెవి ముందు, చెవి కింద వాస్తుంది, చాలామందికి రెండు పక్కలా. వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. సాధారణంగా జీవితంలో ఒక్కసారే. నాళంలో అడ్డు ఉంటే వాపు ఎప్పుడూ ఒకే పక్క వస్తుంది, తిండితో వచ్చి తిండితో పోతుంది, నెల తర్వాత మళ్లీ వస్తుంది. "మా అబ్బాయికి మూడోసారి గవదబిళ్లలు వచ్చాయి" అని ఎవరైనా అంటే అవి గవదబిళ్లలు కాకపోవచ్చని అనుకోవాలి. పట్టు వల్ల లోపలి రాయి కదలదు. మరీ వేడిగా వేస్తే చర్మం కాలడం మాత్రం చూశాను.

నోట్లో రాయి ఎలా తయారవుతుంది? అదీ దవడ కిందే ఎందుకు?

మనకి మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు ఉంటాయి. చెవి ముందు ఉండేది పెరోటిడ్, దవడ ఎముక కింద ఉండేది సబ్‌మాండిబ్యులర్, నాలుక కింద ఉండేది సబ్‌లింగ్వల్. రాళ్లలో ఇంచుమించు 80 శాతం దవడ కింది గ్రంథికి చెందినవే. దానికి కారణం అక్కడి లాలాజలం తీరు, నాళం వెళ్లే దారి. అక్కడి లాలాజలం చిక్కగా, జిగటగా ఉంటుంది, అందులో కాల్షియం ఎక్కువ. దాన్ని మోసుకొచ్చే వార్టన్ నాళం సుమారు 5 సెంటీమీటర్ల పొడవు. దవడ కింది కండరం అంచు చుట్టూ మలుపు తిరిగి, కింది నుంచి పైకి ఎక్కి, నాలుక కింద తెరుచుకుంటుంది. చిక్కటి ద్రవం, ఎత్తుకి ప్రయాణం, మధ్యలో మలుపు. ఎక్కడో ఒక జిగట తునక ఆగుతుంది, దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. రాయి పెరగడం చాలా నెమ్మది, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున అని ఒక అంచనా. కాబట్టి ఈ రోజు బయటపడ్డ 5 మిల్లీమీటర్ల రాయి నిన్నమొన్న పుట్టింది కాదు.

కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లకే ఇవీ వస్తాయా? టమాటా, పాలు మానేయాలా?

ఏదీ మానక్కర్లేదు. కిడ్నీ రాళ్లకీ వీటికీ నేరుగా చుట్టరికం లేదు, తిండిలో కాల్షియం తగ్గించినంత మాత్రాన ఇవి ఆగవు. గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లలో మాత్రం యూరిక్ యాసిడ్ రాళ్లు నాళంలో ఏర్పడవచ్చు. నిజంగా చూసుకోవలసింది నీళ్లు తక్కువ తాగడం, పొగ, లాలాజలాన్ని ఎండబెట్టే మందులు. జలుబుకి, దురదకి వాడే కొన్ని బిళ్లలు, బీపీకి ఇచ్చే నీటిబిళ్లలు, కొన్ని డిప్రెషన్ మందులు ఈ జాబితాలోకి వస్తాయి. వాటిని మీకు మీరుగా ఆపకండి, రాసిన డాక్టరుకి విషయం చెప్పండి.

నిమ్మకాయ చప్పరిస్తే రాయి దానంతటదే పడిపోతుందట, నిజమేనా?

చిన్న రాయి, అదీ నాళం నోట్లో తెరుచుకునే ద్వారం దగ్గర ఉంటే, కొన్నిసార్లు నిజమే. పులుపు చప్పరించి, నీళ్లు బాగా తాగి, గ్రంథిని వెనక నుంచి ముందుకి నిమురుతూ ఉంటే ఒక పూట నాలుక కింద ఇసుక రేణువులాంటిది తగులుతుంది. అదే రాయి. కానీ రాయి పెద్దదై దారి పూర్తిగా మూసుకుపోయి ఉంటే పులుపు వల్ల నొప్పి రెట్టింపవుతుంది తప్ప రాయి రాదు. జ్వరం, చీము ఉన్నప్పుడు ఇలాంటి ప్రయోగాలతో రోజులు గడపకూడదు. పిన్నుతోనో, పుల్లతోనో నాలుక కింద గుచ్చి తీయబోయినవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ గాయం మాని ద్వారం ముడుచుకుపోతే రాయి కంటే పెద్ద తలనొప్పి.

ఇది క్యాన్సరేమో అని టెన్షన్‌గా ఉంది.

తిండితో పెరిగి, తర్వాత తగ్గే వాపు చాలావరకు అడ్డు వల్ల వచ్చేదే. తిండితో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉండే గట్టి గడ్డ, వారం వారం పెరిగేది, ముఖం ఒక పక్క వాలిపోవడం, నాలుక మొద్దుబారడం, మెడలో వేరే గడ్డలు కనిపించడం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అప్పుడు స్కానింగ్‌తో పాటు సూదితో కణాలు తీసి చూస్తారు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నొప్పి లేని గడ్డనీ అనుమానించాలి.

పళ్ల డాక్టరు దగ్గరికా, ఈఎన్‌టీకా?

ఈఎన్‌టీ దగ్గరికి. తల-మెడ సర్జన్లు, కొందరు నోటి-దవడ సర్జన్లు కూడా ఈ పని చేస్తారు. అయితే ప్రతి ఈఎన్‌టీ దగ్గరా సయాలెండోస్కోప్ ఉండదు. ముక్కులో పెట్టే ఎండోస్కోప్ వేరు, ఇది వేరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "లాలాజల నాళానికి స్కోప్ చేస్తారా" అని అడగండి.

## పరీక్షల దగ్గర

స్కానింగ్ సరిపోతుందా, సీటీ కూడా కావాలా?

మొదట మెడకి అల్ట్రాసౌండ్ స్కానింగ్. ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. రాయి ఉంటే దాని వెనక నీడ పడుతుంది, నాళం ఉబ్బి ఉంటే తెలుస్తుంది. 2 మిల్లీమీటర్ల కంటే చిన్న రాళ్లు మాత్రం తప్పిపోవచ్చు. ఎన్ని రాళ్లున్నాయో, గ్రంథి లోపలా నాళంలోనా అన్నది స్పష్టంగా కావాలంటే డై లేని సీటీ బాగా పనికొస్తుంది. మామూలు ఎక్స్‌రేలో దవడ కింది రాళ్లు చాలావరకు కనిపిస్తాయి, పెరోటిడ్ రాళ్లు చాలాసార్లు కనిపించవు. కాబట్టి ఎక్స్‌రే నార్మల్ అంటే రాయి లేదని కాదు. ఇవి కాక వేళ్లతో చేసే పరీక్ష ఒకటుంది. ఒక వేలు నాలుక కింద, ఇంకో చేతి వేళ్లు దవడ కింద పెట్టి మెల్లగా వెతకడం. దీనికి బిల్లు పడదు, అయినా ఆపరేషన్ ఎలా చేయాలో చాలాసార్లు ఇదే తేలుస్తుంది.

స్కానింగ్‌లో రాయి లేదన్నారు. వాపు మాత్రం వస్తూనే ఉంది. ఇప్పుడేం చేయాలి?

అడ్డు అంటే రాయే అని లేదు. నాళం ఒకచోట సన్నబడి మచ్చ కట్టి ఉండవచ్చు, జిగట ముద్దలు పేరుకుని ఉండవచ్చు, ఎక్స్‌రేకి దొరకని మెత్తటి రాయి ఉండవచ్చు. పెరోటిడ్ నాళంలో సన్నబడటం ఎక్కువ చూస్తాం. ఇలాంటప్పుడు స్కోప్ పెట్టి చూడటమే ఒక పరీక్ష అవుతుంది, దొరికినదానికి అక్కడికక్కడే వైద్యమూ చేయవచ్చు. షోగ్రెన్ సిండ్రోమ్ అనే జబ్బులో కూడా గ్రంథులు పదేపదే వాస్తాయి. కళ్లు, నోరు ఎండిపోతున్నాయా అని డాక్టరు అడిగేది అందుకే. దానికి రక్త పరీక్షలు వేరే ఉంటాయి.

థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ తీసుకున్నాను. కొన్ని నెలల తర్వాత చెంపలు వాస్తున్నాయి. సంబంధం ఉందా?

ఉంది. రేడియో అయోడిన్‌ని థైరాయిడ్‌తో పాటు లాలాజల గ్రంథులూ పీల్చుకుంటాయి, ముఖ్యంగా పెరోటిడ్. నాళం లోపలి పొర దెబ్బతిని సన్నబడుతుంది, జిగట ముద్దలు దారికి అడ్డం పడతాయి. ఉదయం లేవగానే చెంప బిగుసుకుని ఉండటం, నిమిరితే ఉప్పటి ద్రవం నోట్లోకి రావడం ఇందులో మామూలు. నీళ్లు, మసాజ్‌తో తగ్గకపోతే స్కోప్‌తో నాళాన్ని వెడల్పు చేసి, సెలైన్‌తో కడిగి, స్టెరాయిడ్ మందు వదులుతారు. నొప్పి, వాపు చాలామందికి తగ్గుతాయి. ఎండిపోయిన నోరు మళ్లీ ముందులా అవుతుందని మాత్రం ఆశ పెట్టను. చచ్చిపోయిన కణజాలాన్ని ఏ స్కోపూ తిరిగి తేలేదు.

మా బాబుకి అయిదేళ్లు. ఏడాదిలో నాలుగుసార్లు చెంప వాచింది. ప్రతిసారీ యాంటీబయాటిక్ ఇస్తున్నారు. ఇంత చిన్నవాడికి స్కోప్ చేయవచ్చా?

చేయవచ్చు. పిల్లల్లో పెరోటిడ్ పదేపదే వాచే జబ్బు ఒకటుంది, ఎక్కువగా 3 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలై యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. రాయి ఉండదు. స్కోప్‌తో చూస్తే నాళం గోడ పాలిపోయి, రక్తనాళాలు కనిపించకుండా తెల్లగా ఉంటుంది. కడిగి స్టెరాయిడ్ వదిలితే వాపులు వచ్చే సంఖ్య తగ్గుతుంది. పిల్లలకి ఇది పూర్తి మత్తులోనే చేస్తారు కాబట్టి, ఏడాదికి ఒకసారి వచ్చి పోయే వాపుకి తొందరపడక్కర్లేదని నా అభిప్రాయం. బడి మానేంత తరచుగా వస్తుంటే అప్పుడు ఆలోచించాలి.

## ఒప్పుకునే ముందు

అసలు సయాలెండోస్కోపీ అంటే ఏమిటి? కొత్త పద్ధతా?

లాలాజల నాళంలోకి దాని సహజ ద్వారం గుండానే సన్నని కెమెరా గొట్టం పంపి, అడ్డు ఏమిటో చూసి తొలగించడం. గొట్టం మందం 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 0.8ది చూడటానికే. 1.1, 1.3, 1.6 మిల్లీమీటర్ల వాటిలో పనిముట్లు పంపే సందు కూడా ఉంటుంది. 1990 ప్రాంతంలో జర్మనీ, ఫ్రాన్స్‌లలో మొదలైంది. ప్యారిస్‌లో ఫిలిప్ కాట్జ్, ఇజ్రాయెల్‌లో ఓడెడ్ నహ్లియేలి, జెనీవాలో ఫ్రాన్సిస్ మార్షల్, ఎర్లాంగెన్‌లో హైన్రిష్ ఇరో బృందం దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చినవాళ్లలో ముఖ్యులు. మూడు దశాబ్దాలు దాటిన పద్ధతి, ప్రయోగం కాదు. మన దగ్గర ఊరూరా లేకపోవడానికి పరికరం ఖరీదు, దాని సున్నితత్వం కారణాలు. ఒకసారి వంగిందంటే లోపలి ఫైబర్లు తెగుతాయి.

నా రాయి 8 మిల్లీమీటర్లు. స్కోప్‌తో వస్తుందా?

స్కోప్ ఒక్కదానితో రావడం కష్టం. స్కోప్ సందులోంచి పంపే సన్నని తీగల బుట్టతో పట్టుకుని లాగాలంటే దవడ కింది నాళంలో సుమారు 4, పెరోటిడ్‌లో సుమారు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే సులువు. అంతకు కొంచెం పెద్దదైతే పగలగొట్టి ముక్కలు తీస్తారు. ఇంకా పెద్దవాటికి స్కోప్‌కి తోడు చిన్న కోత కలుపుతారు.

అయితే రిపోర్టులో అంకె ఒక్కటే చూసి భయపడకండి. రాయి ఎక్కడుంది, కదులుతోందా, వేలికి తగులుతోందా అన్నవి అంతకంటే ముఖ్యం. నాలుక కింద ముందు భాగంలో వేలికి తగిలే 12 మిల్లీమీటర్ల రాయి నోట్లోంచి చిన్న గాటుతో వచ్చేస్తుంది. గ్రంథి లోతుల్లో, కొమ్మ నాళంలో, గోడకి అతుక్కున్న 4 మిల్లీమీటర్ల రాయి ముచ్చెమటలు పట్టిస్తుంది. 2012లో వచ్చిన ఒక విశ్లేషణ అనేక అధ్యయనాలను కలిపి చూసి, స్కోప్ ఒక్కదానితో 86 శాతం, స్కోప్‌కి కోత కలిపితే 93 శాతం విజయం అని తేల్చింది.

లేజర్ ఉందట కదా, దానితో పొడి చేసేస్తే అయిపోదా?

హోల్మియం లేజర్ తీగను స్కోప్ సందులోంచి పంపి రాయిని పగలగొట్టవచ్చు. గాలి ఒత్తిడితో సుత్తిలా కొట్టే పరికరాలూ ఉన్నాయి. మధ్య సైజు రాళ్లకి ఇవి మంచివే. కానీ నాళం గోడ రాయికి ఆనుకునే ఉంటుంది. లేజర్ వేడి గోడకి తగిలితే తర్వాత అక్కడ మచ్చ కట్టి నాళం సన్నబడుతుంది, చిన్న ముక్క మిగిలినా దాని చుట్టూ మళ్లీ రాయి పెరుగుతుంది. సమయమూ ఎక్కువ పడుతుంది. కిడ్నీ రాళ్లలా బయట నుంచి తరంగాలతో పగలగొట్టే పద్ధతి యూరప్‌లో కొన్ని చోట్ల వాడుతున్నారు. లేజర్ అనే పేరు చూసి ఆస్పత్రిని ఎంచుకోకండి, చేసే చెయ్యి ముఖ్యం.

ఒకచోట గ్రంథి మొత్తం తీసేద్దాం అన్నారు. ఒప్పుకోవాలా?

ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. దవడ కింది రాయి లోతుగా ఉంటే గ్రంథి తీసేయడమే వైద్యం అన్నది ఒకప్పటి మాట, చాలాకాలం అలాగే నడిచింది. మెడ మీద కోత, కింది పెదవిని కదిలించే నరం, నాలుక స్పర్శ నరం, నాలుకని కదిలించే నరం అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. పెరోటిడ్ అయితే ముఖాన్ని కదిలించే నరం గ్రంథి మధ్యలోంచే వెళ్తుంది. ఏళ్ల తరబడి అడ్డుతో పనికిరాకుండా పోయిందనుకున్న గ్రంథి దారి తెరవగానే కోలుకుని లాలాజలం ఇవ్వడం ఇప్పుడు మనం చూస్తున్నాం. కాబట్టి గ్రంథిని ముందు నిలబెట్టే ప్రయత్నం జరగాలి. తీసేయవలసిన సందర్భాలూ లేకపోలేదు. గ్రంథి నిండా రాళ్లు, స్కోప్ రెండుసార్లు విఫలం, చీము పదేపదే పట్టడం, గడ్డ మీద అనుమానం ఉంటే ఆ మాట అన్న డాక్టరు తప్పు చెప్పినట్టు కాదు.

ఇప్పుడు జ్వరం, చీము ఉన్నాయి. రేపే స్కోప్ చేసేయమంటే?

సాధారణంగా ఆగమంటారు. వాచి ఎర్రబడ్డ నాళం తడి కాగితంలా ఉంటుంది, స్కోప్ మొన తగిలితే చిరుగుతుంది. యాంటీబయాటిక్, నొప్పి మందు, నీళ్లు, మసాజ్‌తో ముందు చల్లారనిచ్చి కొన్ని వారాల తర్వాత చేస్తారు. చీము గడ్డ కట్టి ఉంటే దాన్ని ముందుగా బయటికి తీస్తారు. ద్వారం దగ్గరే రాయి మెరుస్తూ కనిపిస్తుంటే మాత్రం ఓపీలోనే మత్తు సూదితో తీసేసి ఉపశమనం ఇవ్వవచ్చు.

గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పలచన చేసే మందులు వాడుతున్నాను.

మందు పేరు, ఎప్పటి నుంచి వాడుతున్నారో ముందే చెప్పండి. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు, సర్జన్ కలిసి తేల్చే విషయం. ఎదురింటాయన ఆపాడని మీరు ఆపకూడదు.

ఖర్చు ఎలా ఉంటుంది?

మత్తు రకం, రాయిని పట్టే బుట్ట కొత్తదా, లేజర్ వాడతారా అన్నవాటిని బట్టి బిల్లు మారుతుంది. ఎస్టిమేట్ రాతపూర్వకంగా అడగండి, అందులో బుట్ట ఖర్చు విడిగా ఉందో చూడండి. ఇన్సూరెన్స్ ఉంటే ముందస్తు అనుమతికి స్కానింగ్ రిపోర్టుతో పాటు డాక్టరు రాసిన ప్రొసీజర్ పేరు కావాలి.

## ఆపరేషన్ గదిలో

పూర్తి మత్తు ఇస్తారా?

పూర్తి మత్తుతోనూ చేస్తారు, ఆ చోటు వరకే మొద్దుబార్చే మత్తు సూదితోనూ చేస్తారు. చూడటానికి, ముందున్న చిన్న రాయికి మత్తు సూది చాలు. మీరు మెలకువగానే ఉంటారు, నొక్కినట్టు, నీళ్లు నిండినట్టు తెలుస్తుంది. లోతైన రాయి, చిన్న కోత కలిపే పని, పిల్లలు, నోట్లో ఏదైనా పెడితే వాంతి వచ్చేవాళ్లు ఉంటే పూర్తి మత్తు మేలు. చాలామంది అదే రోజు సాయంత్రం ఇంటికి వెళ్లిపోతారు.

అంత సన్నని దారిలోకి గొట్టం ఎలా పెడతారు? లోపల ఏం చేస్తారు?

ఇంటికెళ్లి అద్దంలో చూసుకోండి. నాలుక పైకెత్తితే మధ్యలో తీగలాంటి పొర ఉంటుంది. దానికి రెండు పక్కలా నువ్వుగింజంత బుడిపెలు. ఆ బుడిపె కొసన అర మిల్లీమీటరు రంధ్రం ఉంటుంది, అదే ద్వారం. పెరోటిడ్ ద్వారం చెంప లోపల, పై రెండో పెద్ద దంతానికి ఎదురుగా ఉంటుంది.

ఈ ద్వారం దొరకడమే సగం ఆపరేషన్. మాగ్నిఫయింగ్ అద్దాలు పెట్టుకుని బుడిపెను తుడిచి పొడిగా చేస్తాం. అసిస్టెంట్ కింది నుంచి గ్రంథిని మెల్లగా నొక్కుతారు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తుంటాం. ఒక చుక్క మెరుస్తుంది. ఆ చుక్క ఊరిన చోటే రంధ్రం. అక్కడ వెంట్రుకంత సన్నని ప్రోబ్ (దారి వెతికే పుల్లలాంటి పనిముట్టు) మొన ఆనించి, తోయకుండా, తిప్పుతూ జారనివ్వాలి. ఒకటి వెళ్లాక దానికంటే కొంచెం లావుది, తర్వాత ఇంకొంచెం లావుది. ఇలా సైజు పెంచుకుంటూ పోతే ద్వారం మెల్లగా సాగుతుంది. సాగకపోతే సన్నని గైడ్ తీగ వేసి దాని మీదుగా వెడల్పు చేస్తాం. అదీ కుదరకపోతే కత్తెర మొనతో చిన్న గాటు. ఇక్కడ బలం ఉపయోగిస్తే ప్రోబ్ గోడను చీల్చుకుని పక్కకి పోతుంది, ఆ తర్వాత అసలు దారి దొరకడం గగనం.

స్కోప్ లోపలికి వెళ్లాక సెలైన్ వదులుతూ ఉంటే ముడుచుకున్న నాళం తెరుచుకుంటుంది. తెర మీద లేత గులాబీ రంగు సొరంగం, గోడల మీద ఎర్రటి దారపు పోగుల్లాంటి రక్తనాళాలు. ముందుకు పోతే దారి రెండుగా, మూడుగా చీలుతుంది. గంజి మీద తెట్టులా తెల్లటి పొరలు తేలుతూ వస్తాయి. ఒక మలుపు దగ్గర పసుప్పచ్చగా, గరుకుగా, బియ్యపు నూకలా రాయి. దాని పక్కనుంచి మూసిన బుట్ట తీగను దాటించి, రాయి వెనకకి వెళ్లాక విప్పుతాం. మూడు, నాలుగు లేదా ఆరు సన్నని తీగల బుట్ట అది. వెనక్కి లాగితే రాయి తీగల మధ్యలో పడుతుంది. అప్పుడు మూసి, స్కోప్‌తో సహా మెల్లగా బయటికి. తరచుగా ద్వారం దగ్గర ఆగుతుంది, చిన్న గాటు పెడితే గాజుగుడ్డ మీద టక్కున పడుతుంది. అయినా అక్కడితో ఆపం. ఇంకో రాయి దాక్కుందేమో అని స్కోప్ మళ్లీ వేసి చివరిదాకా చూసి, కడుగుతాం.

మెడ మీద, చెంప మీద మచ్చ పడుతుందా?

స్కోప్ ఒక్కదానితో అయితే బయట గీత కూడా ఉండదు. దవడ కింది పెద్ద రాయికి కోత పెట్టినా నోటి లోపలే. నాలుక స్పర్శ నరం నాళం కిందుగా మెలి తిరిగి వెళ్తుంది కాబట్టి దాన్ని వెతికి పక్కకి పెట్టాకే రాయి మీద కోస్తారు. పెరోటిడ్ పెద్ద రాయికి మాత్రం చెవి ముందు చర్మపు మడత వెంట కోత పెట్టవలసి రావచ్చు. లోపలున్న స్కోప్ వెలుగు చర్మం కింద నుంచి దీపంలా కనిపిస్తుంది, ఆ వెలుగే రాయి చోటు చూపిస్తుంది. ముఖ నరం మీద మానిటర్ పెట్టుకుని చేస్తారు.

ఎంతసేపు పడుతుంది?

అరగంట నుంచి గంటన్నర. రాళ్లు ఎక్కువైతే ఇంకా పట్టవచ్చు.

ఒకవేళ రాయి రాకపోతే?

ఆ అవకాశం ఉంది, ముందే మాట్లాడుకోవాలి. కొన్నిసార్లు ద్వారమే దొరకదు, కొన్నిసార్లు నాళం మధ్యలో మూసుకుపోయి ఉంటుంది. బుట్టలో పడ్డ రాయి ఇరుక్కుని, బయటికి రాక, విప్పుకోక వేధించడం మాలాంటివాళ్ల పీడకల. అప్పుడు బలంగా లాగితే నాళమే ఊడి వస్తుంది కాబట్టి, రాయిని పగలగొడతారు లేదా చిన్న కోతతో విడిపిస్తారు. స్కోప్‌తో కాకపోతే అదే మత్తులో కోత పెట్టవచ్చా, లేక ఆపి మళ్లీ మీతో మాట్లాడాలా అన్నది సంతకం పెట్టే కాగితంలో స్పష్టంగా రాయించుకోండి.

## ఇంటికి వచ్చాక

ఆపరేషన్‌కి ముందు కంటే ఇప్పుడే ఎక్కువ వాచింది. ఏదో తేడా జరిగిందా?

చాలావరకు జరగలేదు. లోపల వదిలిన సెలైన్ గ్రంథిలో నిలవడం వల్ల వచ్చే వాపు అది. ఒకటి రెండు రోజుల్లో దిగడం మొదలవుతుంది. కానీ నాలుక కింద ఉబ్బి నాలుక పైకి లేస్తున్నా, మింగడం కష్టమైనా, గొంతు మారినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఒక్క నిమిషం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. నాళం చిరిగి నీరు నోటి అడుగు భాగంలోకి పాకితే ఇలా అవుతుంది. జ్వరం, చీము, రోజురోజుకి పెరిగే నొప్పి ఉంటే అదే రోజు చూపించుకోవాలి.

ఏం తినాలి? పత్యం ఉందా?

మత్తు దిగాక మెత్తటి అన్నం, పెరుగు, ఇడ్లీ తినవచ్చు. నోట్లో కోత పెట్టి ఉంటే కారం, వేడి కొన్నాళ్లు తగ్గించండి. తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించండి. నీళ్లు బాగా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్ల కొలత ఉన్నవాళ్లు మాత్రం ఆ కొలత దాటకండి. పులుపు ఎప్పటి నుంచి అన్నది డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. పుల్లటివి తింటే పుండు చీము పడుతుందని పెద్దవాళ్లు భయపెడతారు. ఇక్కడ సంగతి తిరగబడుతుంది, పులుపుకి ఊరే లాలాజలమే నాళాన్ని కడిగేది.

మసాజ్ ఎలా చేసుకోవాలి?

దవడ కింది గ్రంథికైతే దవడ మూల దగ్గర రెండు వేళ్లు ఆనించి, ఎముక కిందుగా గడ్డం వైపు లాగాలి. పెరోటిడ్‌కైతే చెవి ముందు నుంచి చెంప మీదుగా పెదవి మూల వైపు. ఎప్పుడూ వెనక నుంచి ముందుకే. పిండి పిసికినట్టు కాదు, జుట్టుకి నూనె రాసేంత ఒత్తిడి చాలు. తిన్న తర్వాత కాసేపు చేస్తే లోపల నిలిచింది వచ్చేస్తుంది. నోట్లో ఉప్పగా తగిలిందంటే దారి తెరిచే ఉంది.

నాలుక కింద సన్నని గొట్టం కుట్టి పంపారు. అది ఊడిపోతే?

నాళం మళ్లీ ముడుచుకోకుండా పెట్టే స్టెంట్ అది. సాధారణంగా రెండు వారాల దాకా ఉంచుతారు. మాట్లాడేటప్పుడు, తినేటప్పుడు చిరాగ్గా ఉంటుంది, నాలుకతో ఆడకండి. ముందుగానే ఊడిపోవడం మామూలే. ఊడితే తీసిపారేసి డాక్టరుకి చెప్పండి, మీరు తిరిగి దోపవద్దు.

నాలుక ఒక పక్క మొద్దుగా ఉంది.

మత్తు సూది వల్లనైతే కొన్ని గంటల్లో పోతుంది. నోట్లో కోతతో లోతైన రాయి తీసినప్పుడు నాలుక నరం కదిలించబడి వారాల పాటు మొద్దుదనం ఉండవచ్చు, చాలామందికి మెల్లగా తిరిగి వస్తుంది. అప్పటిదాకా వేడి కాఫీ, పళ్ల మధ్య నాలుక పడటం విషయంలో జాగ్రత్త. కొన్ని వారాల తర్వాత నాలుక కింద మెత్తగా, నీలంగా నీటి బుడగలా ఉబ్బితే అది వేరే సంగతి. రాన్యులా అంటారు, చూపించుకోవాలి.

మళ్లీ రాయి వస్తుందా?

రావచ్చు. ముక్క మిగిలినవాళ్లకి, నాళం సన్నగా ఉన్నవాళ్లకి, నీళ్లు తాగనివాళ్లకి అవకాశం ఎక్కువ. వస్తే మళ్లీ స్కోప్ చేయవచ్చు. ఒకసారి చేశారు కాబట్టి రెండోసారి కుదరదనేది నిజం కాదు. ఏ నొప్పీ లేకుండా స్కానింగ్‌లో మాత్రం చిన్న ముక్క కనిపిస్తే చాలాసార్లు కదపకుండా వదిలేస్తాం.

తీసిన రాయి మాకు ఇస్తారా? పరీక్షకి పంపాలా?

అడిగితే ఇస్తారు. కిడ్నీ రాయిలా ప్రతిదాన్నీ ల్యాబ్‌కి పంపక్కర్లేదు, ఎందుకంటే చాలావరకు అది కాల్షియం ఫాస్ఫేటే. గౌట్ ఉన్నవాళ్లదైతే పంపితే ఉపయోగం. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చినప్పుడు అందరూ మొదట అనేది ఒకటే మాట: "ఇంతేనా, దీనికేనా ఇన్నాళ్లూ?"